మా బావగారి మామూలాయన

మా బావ ఇప్పుడు పేపర్లో గళ్ళనుడికట్టు కూడా ముట్టుకోడు. ఒకప్పుడు నేను పెన్ను వెతుక్కునేలోపే సగం గళ్ళు నింపేసి, మిగతా సగం నాకు భిక్షం వేసినట్టు వదిలేవాడు. ఇప్పుడు పేపరు మడిచి నా చేతికే ఇచ్చి, "నువ్వు చూడు, నాకేం తోచదు" అంటాడు. తోచదట! ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తోచక కాదు. ఏదైనా తోచిందంటే అది నిజంగా తనకే తోచిందా అని భయం. ఆ భయం ఎక్కడిదో తెలియాలంటే ఆయన చేసిన ఉద్యోగం గురించి చెప్పాలి.

బావ పేటెంటు ఆఫీసులో పరీక్షాధికారిగా చేశాడు. ఎవరైనా ఓ వస్తువు కనిపెట్టి, ఇది నాది, నా అనుమతి లేకుండా ఇంకెవరూ తయారుచేయకూడదు అని దరఖాస్తు పెడతారు. ఆ హక్కు ఇవ్వాలో వద్దో తేల్చేది ఈయన. కరెంటుతో నడిచే ఆసుపత్రి సామానంతా ఈయన వాటా. వస్తువు కొత్తదైతే చాలదట. ఆ పని తెలిసినవాళ్ళెవరికైనా ఇట్టే తట్టేదైతే, అంతకుముందు ఎవరూ చేయకపోయినా సరే, హక్కు రాదు.

"ఆ పని తెలిసినవాళ్ళంటే ఎవరు బావా?" అని పెళ్ళైన కొత్తలోనే అడిగాను. అక్క పెళ్ళి, నాది కాదు. నాకు పెళ్ళి కాలేదు, బతికిపోయాను.

"నిజంగా ఎవరూ కాదు. చట్టం ఊహించుకున్న మనిషి. తన రంగంలో అచ్చయిన ప్రతి కాగితమూ చదివేసి ఉంటాడు. పనిముట్లన్నీ వాడటం వచ్చు. కానీ సొంతంగా ఒక్క ఆలోచన రాదు. మామూలు మనిషన్నమాట."

అప్పటినుంచి ఆయన పేరు మామూలాయన. మా ఇంట్లో చుట్టంలాగే తిరిగేవాడు. బావ ఆదివారం కూడా కాగితాలు ముందేసుకుని కూర్చుంటే అక్క కంచాలు పెడుతూ, "మీ మామూలాయన తింటాడా, తినొచ్చాడా?" అనేది. కోపం వస్తే, "నాతో చేసిన కాపురం కంటే ఆయనతో చేసిందే ఎక్కువ. సవతి అయినా నయం, గిన్నెలైనా కడిగేది" అని విసుక్కునేది. నేను వాళ్ళ పైవాటాలో ఉంటాను కాబట్టి ఈ భాగోతమంతా నాకు మెట్ల మీదికే వినిపించేది.

బావ పని చేసే పద్ధతి మాత్రం వేరు. దరఖాస్తు చేతికి రాగానే, జవాబున్న పేజీలు విడదీసి సొరుగులో పడేసేవాడు. కష్టం ఏమిటి, ఇంతకుముందు ఎవరెవరు ఏమేం చేసి చూశారు అని చెప్పే పేజీలే చదివేవాడు. తర్వాత తెల్ల కాగితం తీసి, తనే మామూలాయనైపోయి ఆ కష్టం తీర్చడానికి తంటాలు పడేవాడు. అది పూర్తయ్యాకే సొరుగు తెరవడం. ఆఫీసులో మిగతావాళ్ళు ముందు జవాబు చదివేసి, దానికి అతికే పాత కాగితాల కోసం వెతుకుతారని ఆయనకు మంట.

"జవాబు చూశాక ఏ లెక్కయినా సులువే. నీ క్లాసు పిల్లల్నడుగు" అనేవాడు.

నేను లెక్కల టీచర్ని. ఆ మాట నాకు బాగా ఎక్కింది. బోర్డు మీద లెక్క చేసి చూపించగానే క్లాసంతా, "ఓస్, ఇంతేనా టీచర్!" అంటుంది. అంతకు ముందు ఒక్కరి చెయ్యీ లేచి ఉండదు. మనుషుల బుద్ధే అంత, తెలిసిపోయిన క్షణం నుంచీ ఎప్పుడూ తెలిసే ఉన్నట్టు అనిపిస్తుంది. దానికి దొరక్కుండా తప్పించుకునే ఉపాయం మా బావ కనిపెట్టాడని నేను నమ్మాను. నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

అయితే కఠినుడేం కాదు. కాగితం మీద గీసిగీసి ఓడిపోయి, సొరుగు తెరిచి చూసి, "అబ్బ! ఎంత బాగా చేశాడే!" అనుకున్న రోజున ఆయన నడకే మారిపోయేది. ఆ సాయంత్రం అక్కకి పూలో, సినిమా టికెట్లో వచ్చేవి. ఓడిపోయి అంత సంబరపడే మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

అలాంటి మనిషి ముందుకి ఆ పెద్దాయన దరఖాస్తు వచ్చింది.

పెద్దాయన జీవితమంతా ఆసుపత్రి యంత్రాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుగా చేశాడు. ఏది తయారుచేసినా కంపెనీ పేరుతోనే బయటికి వెళ్ళేది. అది తప్పని కాదు, జీతం తీసుకున్నాక అంతే కదా. రిటైరయ్యాక ఓ ఇరుకు వీధిలో షెడ్డు తీసుకుని, కూతురితో కలిసి చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నాడు. దరఖాస్తు వంతు ఎప్పుడొస్తుందో కనుక్కుందామని ఓసారి కర్ర పొడుచుకుంటూ ఆఫీసుకి వచ్చి, వరండాలో బావని ఆపాడట.

"బాబూ, దీంతో మేడలు కడదామని కాదు. నా చేతులతో చేసినవి ఊరంతా ఉన్నాయి, నా పేరుతో ఒక్కటీ లేదు. పోయేలోపు ఇదొక్కటి నాదని తెలిసినవాళ్ళు ఒప్పుకుంటే చాలు" అన్నాడట.

బావ ఆ మాట ఇంటికొచ్చి చెప్పాడు. అక్క కళ్ళు తుడుచుకుంది. "ఇచ్చేయకూడదూ?" అంది.

"పాపమని హక్కులిచ్చేస్తే రేపు ఇంకొకడి నోరు కొట్టినవాణ్ణవుతాను" అన్నాడు. అదీ నిజమే.

ఇంతకీ ఆ వస్తువేమిటంటే, గుండె జబ్బుతో మంచం మీదున్న మనిషి ఛాతీకి బిళ్ళలు అంటించి, వాటినుంచి మానిటరుకి వైర్లు తగిలిస్తారు చూడండి, ఆ వైర్లు. మనిషి పక్కకి ఒత్తిగిలితే వైరు లాగుతుంది, ఛాతీ మీద బిళ్ళ ఊడుతుంది, మానిటరు గగ్గోలు పెడుతుంది, నర్సు పరుగెత్తుకొస్తుంది. ఊడిన చోట చర్మం లేచిపోతుంది. ఆ బాధ బావకి చదవకుండానే తెలుసు. అంతకు ముందు మా అమ్మకి గుండె నొప్పి వచ్చినప్పుడు పక్కన కూర్చుని కనిపెట్టుకున్నది ఆయనే.

పద్ధతి ప్రకారమే బావ జవాబు పేజీలు సొరుగులో పెట్టాడు. కష్టం చదివాడు. ఇంతకుముందు వాళ్ళు జిగురు గట్టిది వాడారు, క్లిప్పులు పెట్టారు, చొక్కాకి పట్టీలు కుట్టారు. కాగితం తీశాడు. టీ తెప్పించుకున్నాడు. అది ఇంకా చల్లారలేదట, జవాబు వచ్చేసింది. వైరు మధ్యలో ఓ అతుకు ఉండాలి. లాగితే ఛాతీ దగ్గర కాదు, ఆ అతుకు దగ్గర విడిపోవాలి. దగ్గరికి తెస్తే దానంతటదే టక్కున అతుక్కోవాలి. అయస్కాంతం! సొరుగు తెరిస్తే, పెద్దాయన బొమ్మ అచ్చు అదే. దించితే దించినట్టుంది.

"ఇంత తేలిగ్గా నాకు ఎప్పుడూ తట్టలేదే" అని ఆ సాయంత్రం ఆయనే ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యం దగ్గర కాసేపు ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆగలేదు. పాత కాగితాలు వెతికితే, పిల్లలు లాగితే వేడినీళ్ళ కెటిల్ వాళ్ళ మీద పడకుండా ఊడిపోయే అయస్కాంతం ప్లగ్గు ఒకటి దొరికింది. ఆ కెటిల్ ప్లగ్గునీ, మామూలు ఆసుపత్రి వైరునీ పక్కపక్కన పెడితే సరిపోయిందన్నాడు.

వాళ్ళ మాట వినడానికి పెట్టిన హియరింగుకి తండ్రీ కూతుళ్ళిద్దరూ వచ్చారు. వకీలు లేడు. పెద్దాయన సంచిలోంచి వైరు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఊడకుండా ఎలా బిగించాలా అనే అందరూ చూశారండీ. నేనూ ఏళ్ళ తరబడి బిగించాను. ఊడనిస్తే పోలేదా అని ఎవరూ అనుకోలేదు. గుండె వైరు ఊడటమంటే మా పనిలో హత్యతో సమానమండీ. ఆ మాట నోటితో అంటే నన్నే పిచ్చోడన్నారు."

బావకి ఆయనంటే గౌరవం కలిగింది. అందుకే దాచకుండా చెప్పాడు. "అయ్యా, నేను మీ జవాబు చూడకుండానే ఆలోచించానండీ. నాకూ అదే తట్టింది."

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "తట్టిందా! ఎంతసేపట్లోనండీ?"

అక్కడైనా నోరు మూసుకోవచ్చు కదా? మూసుకోడు. నిజాయితీపరుడు! "టీ చల్లారేలోపే" అన్నాడు.

కూతురు ఏదో అనబోయింది. పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "అలాగాండీ" అని, వైరు చుట్టి మళ్ళీ సంచిలో పెట్టుకుని, బావకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రంగంలో మామూలు నేర్పు ఉన్న ఎవరికైనా ఇది తట్టేదేనని బావ ఉత్తర్వు రాసి సంతకం పెట్టాడు. పైకి వెళ్ళి వాదించుకునే వీలుంది. వాళ్ళు వెళ్ళలేదు. బావ కొన్నాళ్ళు ముభావంగా తిరిగి, తర్వాత మామూలుగా అయిపోయాడు.

ఏడాది దాటాక అమ్మకి మళ్ళీ నొప్పి వచ్చింది. మళ్ళీ అదే ఆసుపత్రి, అదే వార్డు. సాయంత్రం అందరం మంచం చుట్టూ ఉన్నాం. అమ్మ ఒత్తిగిలినప్పుడల్లా మానిటరు కుయ్యోమంటోంది. ఛాతీ మీద అప్పటికే ఎర్రగా కందిపోయింది. మా అమ్మ ఊరుకునే రకమా? నర్సు మీద విరుచుకుపడింది.

"ఇదేం వైరమ్మా, చర్మం ఊడొస్తోంది! కిందటిసారి బాగుండేవి పెట్టారుగా. లాగితే మధ్యలో ఊడేది, మళ్ళీ టక్కుమని అతుక్కునేది. అవేవీ?"

"అవి ఎవరో పరీక్షించి చూడమని ఇచ్చినవండీ. తర్వాత పట్టుకెళ్ళిపోయారు" అంది నర్సు.

అమ్మ మా వైపు తిరిగింది. "మీకు గుర్తులేదూ అల్లుడుగారూ? నా పక్కన కూర్చుని దాన్ని టకటకా ఊడదీయడం, అంటించడం, ఊడదీయడం, అంటించడం. ఆడుకోవడానికి నా గుండె వైరే దొరికిందా అని తిట్టాను కూడా. మీరు ఆఫీసుకెళ్ళాక ఒకమ్మాయి వచ్చి చూసుకుని పోతుండేది, వాళ్ళ నాన్న చేశాడని చెప్పింది. అదిగో, ఆ వైర్లు."

నేను నవ్వబోయి బావ మొహం చూశాను. నెత్తురుచుక్క లేదు. చేతిలో ఫ్లాస్కు పక్కకి ఒరిగి పాలు నేల మీదికి కారుతున్నాయి, ఆయనకి తెలియట్లేదు. అక్క ఫ్లాస్కు లాక్కుని, "ఏమైందండీ?" అంది. ఆయన గోడకానుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు.

తట్టడం కాదు, గుర్తొచ్చింది. అంతే జరిగింది. ఆ రోజుల్లో కళ్ళు చూశాయి, వేళ్ళు ఆడుకున్నాయి, బుర్ర మాత్రం అమ్మ ఏమైపోతుందోనన్న దిగుల్లో ఉంది. తర్వాత ఎప్పుడో ఆఫీసులో తెల్ల కాగితం ముందు కూర్చుంటే, వేళ్ళకి తెలిసినది బుర్రలోకి వచ్చింది. సొంత ఆలోచనలాగే వచ్చింది. హియరింగులో ఆ వైరు కళ్ళెదుటే ఉన్నా, తను గీసిన బొమ్మలాగే కనిపించింది. జవాబు పేజీలు సొరుగులో పెట్టి ఏం లాభం, జవాబునే చేత్తో పట్టుకుని ఆడుకున్నాక? దరఖాస్తుకి ముందే బయటపెడితే హక్కు పోతుందట, కానీ పెద్దాయన దరఖాస్తు పెట్టాకే వైర్లు వార్డుకి ఇచ్చాడు కాబట్టి ఆయన వైపు చిన్న పొరపాటు కూడా లేదు.

మర్నాడు ఆఫీసు తెరవకముందే బావ వాళ్ళ పెద్దసారు గది ముందు నిలబడ్డాడు. చెప్పిందంతా విని పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలాడట.

"నీకు తట్టిందా, గుర్తొచ్చిందా అన్నది ఎవడికి కావాలయ్యా? కెటిల్ కాగితం ఉందిగా. ఉత్తర్వు నిలబడుతుంది."

"ఆ కెటిల్ నాకెలా దొరికింది సార్? అయస్కాంతమని తెలిశాక వెతికితే దొరికింది. తెలియకముందు గుండె వైరు కోసం వంటింట్లోకి ఎవడు పోతాడు? అందరూ బిగిస్తుంటే ఆయన వదిలేశాడు సార్. అదే కొత్త. నాకది కనబడలేదు."

"కనబడకపోతే వాళ్ళు అప్పీలుకి వెళ్ళాల్సింది. గడువు దాటిపోయింది. సంతకం పెట్టేశాక మన చేతుల్లో ఏం ఉండదు. ఇంటికెళ్ళి పడుకో."

పడుకోవడమా! కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. "పెద్దాయన కాళ్ళ మీద పడతాను. ఆయనదేనని ఆయన మొహం మీదే చెప్తాను. చట్టం ఒప్పుకోకపోతే పోనీ, నేనొప్పుకుంటాను. ఆయనడిగింది అదేగా, తెలిసినవాళ్ళు ఒప్పుకోవాలనేగా" అన్నాడు. అక్క అమ్మ దగ్గర ఉండాలి. ఆ స్థితిలో ఆయన్ని ఒక్కణ్ణీ రోడ్డెక్కనివ్వలేక నేను వెంట వెళ్ళాను.

దరఖాస్తులో ఉన్న చిరునామా పట్టుకుని వెతికితే ఆ వీధి దొరికింది. సైకిలు, దాని పక్కన మనిషి, అంతే వెడల్పు. షెడ్డు షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల బల్ల నిండా ఇస్త్రీపెట్టెలు, వాటర్ హీటర్లు, మిక్సీ మూతలు. టంకం పొగ వాసన. కూతురు స్టూలు మీద కూర్చుని ఇస్త్రీపెట్టెకి కొత్త వైరు వేస్తోంది. నలభై దాటిన మనిషి, జుట్టు బిగించి ముడివేసుకుంది. బావని చూడగానే గుర్తుపట్టింది. లేవలేదు. కూర్చోమని కూడా అనలేదు. ఎందుకంటుంది?

బావ నిలబడే చెప్పాడు. అమ్మ జబ్బు, వార్డు, వేళ్ళతో ఆడుకోవడం, టీ, కెటిల్, అన్నీ. ఎక్కడా తనని వెనకేసుకు రాలేదు. "నాకు తట్టలేదమ్మా. మీ నాన్నగారిది చూసి, నాదనుకున్నాను. వంద టీలు చల్లారినా నాకది తట్టేది కాదు. తప్పు చేశాను. ఆయన్నొకసారి పిలుస్తారా?"

ఆమె స్క్రూ బిగించడం పూర్తిచేసి, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"నాన్న లేరండీ. వానాకాలంలో పోయారు."

నేనే ఏదో అనాలని, "పోనీ అప్పుడు అప్పీలుకి వెళ్ళి ఉంటే బాగుండేదమ్మా" అన్నాను. అని నాలుక్కరుచుకున్నాను. ఎవరితో ఏం మాట్లాడాలో నాకు ఈ వయసుకీ రాలేదు.

"నేను పోదామనే అన్నానండీ. పోరు పెట్టాను. ఆయనే వద్దన్నారు." గొంతు పెంచకుండా చెప్పింది. "నా పెళ్ళికి ముందు మొదలుపెట్టారు ఆ వైరు. మా పాప కాలేజీలో చేరిన ఏడు పూర్తయింది. హియరింగు నుంచి ఇంటికొచ్చి, 'అమ్మా, ఆ బాబు అబద్ధం చెప్పే మనిషి కాదు. అతనికి అంత చప్పున తట్టిందంటే అందులో ఏం లేదనేగా. ఇన్నేళ్ళూ నాకే తట్టలేదు. నేనే మందబుద్ధిని' అన్నారు. ఆసుపత్రి నుంచి వైర్లు తెప్పించేసి, రాగి తీసి అమ్మేయమన్నారు. ఎవరైనా వచ్చి ఆ వైరు సంగతి అడిగితే సిగ్గుపడేవారండీ. చివరిదాకా అంతే."

బావ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడు. వీధిలో పోతున్నవాళ్ళు వంగి చూస్తున్నారు. ఆయన్ని తిట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరు, కానీ ఆ పూట ఆయన వీపు మీద చెయ్యి వేయడం తప్ప నాకేం చేతకాలేదు.

కాసేపటికి ఆయన తేరుకుని, జేబులోంచి పెన్ను తీశాడు. "రాసిస్తానమ్మా. ఇది మీ నాన్నగారు కనిపెట్టారని, నాకు తట్టిందన్నది అబద్ధమని, నా పేరు, హోదా వేసి సంతకం పెట్టి ఇస్తాను. ఉద్యోగం పోయినా సరే."

ఆమె ఆ పెన్ను వైపు చూసింది.

"ఎవరికి చూపించనండీ?" అంది. దెప్పిపొడిచినట్టు కాదు, నిజంగానే తెలియక అడుగుతున్నట్టు.